సన్యాసిరావు మావ జర్మనీ బండి

2004వ సంవత్సరం. అనకాపల్లిలో పూడిమడక రోడ్డు మీద నాకు కార్ల షెడ్డు ఉండేది. రేకుల కప్పు, ఆయిలు తాగి నల్లబడ్డ నేల, గోడకి మేకులు కొట్టి వేలాడదీసిన పానాలు, అదే నా ఆస్తి. దసరా వెళ్ళి బెల్లం మార్కెట్టు ఊపందుకుంటున్న రోజులవి. మునగపాక వైపు నుంచి దిమ్మలు మోసుకొచ్చే వ్యాన్లలో రోజూ ఏదో ఒకటి నా షెడ్డు ముందు చతికిలపడేది. దాని కింద దూరి బయటికొస్తే ఒంటి నిండా గ్రీజూ, గ్రీజుతో పాటు చీమలూను. అన్నం తినడానికి కూడా తీరిక ఉండేది కాదు.

సరిగ్గా అలాంటి పూట సన్యాసిరావు మావ వచ్చి నిలబడ్డాడు. ఆయన నాకు చుట్టం కాదు. గవరపాలెంలో ఉండే రిటైరైన డ్రైవరు. ఊళ్ళో డ్రైవర్లకీ మెకానిక్కులకీ అందరికీ మావే. మనిషి సన్నగా, నిటారుగా ఉంటాడు. మాట మాత్రం కొంచెం పెళుసు.

"ఒరే అల్లుడూ, ఓపాలి ఇంటికి రా. నీకొక బండి సూపించాల."

"తీసుకొచ్చీ మావా, సూత్తాను."

"నడిసే బండైతే నీకాడికెందుకొత్తానురా? నువ్వు సూసిన బండి కాదది. రా."

నాకు ఒళ్ళు మండింది. మీసాలు రాకముందు నుంచీ అంబాసిడర్ల కిందా జీపుల కిందా పడుకుని బతుకుతున్నవాణ్ణి, నేను చూడని బండి ఈయన పెరట్లో ఉందా అనుకున్నాను. ఆ రోషంతోనే చేతిలో పని పడేసి ఆయన వెనకాల వెళ్ళాను.

పెరట్లో తాటాకుల పాక. అందులో టార్పాలిన్ కింద ఏదో ఉంది. మావ భార్య రమణమ్మ అత్త వచ్చి ఒక కొస పట్టుకుంది, నేనొక కొస పట్టుకున్నాను. పట్టా తీసేసరికి సబ్బుపెట్టె లాంటి చిన్న కారు బయటపడింది. ముందు నాలుగు గుండ్రటి లైట్లు, రెండేసి పక్కపక్కన. రంగు ఒకప్పుడు ఎరుపు. ముక్కు మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు. గాలి లోపలికి పోవడానికి ముందు వైపు జాలీ అన్నదే లేదు. నేను పెద్ద మెకానిక్కులా వెళ్ళి ముందు బోనెట్టు ఎత్తాను. లోపల స్టెపినీ టైరూ, ఎలకలు కొరికిన గోనెసంచీ ఉన్నాయి.

మావ పగలబడి నవ్వాడు. "ఇంజన్ ఎవుడో ఎత్తుకుపోయేడనుకున్నావా? ఆటోలు సూడ్నేదేటి నువ్వు? దాన్లాగే దీనికీ ఎనకే."

అత్త పట్టా మడిచి లోపల పెట్టడానికి వెళ్ళింది. మావ వెనక తలుపు ఎత్తి చూపించాడు. బండికి అడ్డంగా పడుకుని ఉంది ఇంజను, నాలుగు సిలిండర్లు, వాటి చుట్టూ అల్యూమినియం రెక్కలు. రేడియేటరు లేదు. నీళ్ళ గొట్టం అసలే లేదు. పక్కన పెద్ద ఫ్యాను, దానికొక రేకు తొడుగు. ఇది నీళ్ళతో చల్లబడే ఇంజను కాదు, గాలితో చల్లబడేది. నేను వంగి చూస్తూ ఉండిపోయాను. మావ మాట నిజమే, అలాంటిది నేను చూడలేదు.

ఇలాంటి బండి చూసినవాళ్ళు మనవైపు తక్కువ కనక రెండు ముక్కలు చెప్పాలి. యుద్ధంలో చితికిపోయిన జర్మనీలో జనానికి పెద్ద కార్లు కొనే శక్తి లేదు. అప్పుడు మోటారుసైకిళ్ళు చేసుకునేవాళ్ళు కూడా చిన్న కార్లు చెయ్యడం మొదలుపెట్టారట. ఇంజన్ని వెనక చక్రాల దగ్గరే పెట్టేస్తే ముందు నుంచి వెనక్కి పొడుగాటి షాఫ్టు అక్కర్లేదు, బరువు తగ్గుతుంది, లోపల నలుగురు కూర్చోవచ్చు. తర్వాత తర్వాత ఆ సంసారి బండిలోనే కాస్త పెద్ద ఇంజను, రెండు కార్బొరేటర్లు పెట్టారు. ఓవర్‌హెడ్ క్యామ్ అంటారు, వాల్వులు తెరిచే ఇరుసు ఇంజను నెత్తి మీదే తిరుగుతుంది, అందుకని బాగా స్పీడు అందుకుంటుంది. చూడ్డానికి పిల్లల్ని బడికి దింపే బండిలా ఉంటుంది. కొండ రోడ్డు ఎక్కితే తనకంటే రెండింతలున్న బళ్ళని దాటేస్తుంది. దీన్నే స్పోర్ట్స్ సెడాన్ అన్నారు.

ఈ బండి గవరపాలెం ఎలా చేరిందో మావే చెప్పాడు. విశాఖలో ఏదో ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో ఒక జర్మనీ ఇంజనీరు వచ్చాడు, బండి వెంట తెచ్చుకున్నాడు. మావ ఆయన దగ్గర కుర్ర డ్రైవరు. పేరుకే డ్రైవరు, ఆదివారం వస్తే దొరే స్టీరింగు పట్టుకుని పాడేరు కొండ రోడ్డుకి, ఘాటీకి తీసుకుపోయేవాడు. సగం దాకా ఆయన, సగం నుంచి మావ. ఘాటీలో మలుపు ఎలా తిప్పాలో, గేరు ఎక్కడ దించాలో అక్కడే నేర్పాడు. పని అయిపోయి తన దేశం పోతూ బండిని కాగితాలతో సహా మావ పేర రాసేసి పోయాడు. సామాన్లు దొరికినన్నాళ్ళు నడిచింది. దొరకడం మానేశాక పాకలోకి వచ్చేసింది.

"ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడేటి మావా?" అని అడిగాను.

లోపల్నుంచి వస్తున్న రమణమ్మ అత్త చెప్పింది. "కళ్ళు పోతన్నాయి బాబూ."

గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయే జబ్బు. విశాఖ కంటి డాక్టరు, పోయిన చూపు రాదు, ఉన్నది మందులతో కొన్నాళ్ళు లాగుదాం అన్నాడట. పక్క చూపు అప్పటికే పోయింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదర మాత్రం కనబడుతుంది. పక్కన నిలబడ్డ మనిషిని మావ చూడలేడు, మాట విని తల తిప్పుతాడు.

"నాకింక ఏ కోరికా నేదురా," అన్నాడు మావ. "ఘాటీ మొదట్లో ఎక్కుడుంటాది కదా, అక్కడ ఓపాలి దీని స్టీరింగ్ అట్టుకోవాల. కళ్ళుండగా అట్టుకోవాల. తరవాత దీన్ని పాత ఇనపోడికి ఏసీసినా నాకేటీ అవదు."

నేను కుదరదన్నాను. చూపు సరిగ్గా లేని మనిషికి ఘాటీలో స్టీరింగు ఇస్తే పోయేది ఒక ప్రాణం కాదు. ఆయన తల దించుకుని బండి మీద దుమ్ము చేత్తో తుడుస్తూ ఉండిపోయాడు. ఎప్పుడూ గలగలలాడే మనిషి అలా ఊరుకుంటే చూడలేకపోయాను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. అనకాపల్లి నుంచి కొండ కిందదాకా నేను నడుపుతాను. తెల్లారగానే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, మొదటి మలుపుకి ముందున్న తిన్నటి ఎక్కుడు మాత్రం ఆయన నడుపుతాడు. పక్క సీట్లో హ్యాండుబ్రేకు మీద చెయ్యేసి నేనుంటాను. మలుపు దగ్గర ఆపెయ్యాలి.

"ఆపెత్తాను," అన్నాడు, చిన్నపిల్లాడు ఒట్టేసినట్టు.

ఆ చలికాలమంతా ఆ బండితోనే గడిచింది. వ్యాన్ల పని పగలు, దీని పని సాయంత్రం. పిస్టన్లు తుప్పుతో సిలిండర్లకి అతుక్కుపోతే కిరసనాయిలు పోసి నానబెట్టాను. పిస్టను చుట్టూ ఉండే రింగులు ఈ దేశంలో దొరికే ప్రసక్తే లేదు. విజయవాడ ఆటోనగర్‌లో తిరిగి తిరిగి, కొలత దగ్గరగా ఉన్న వేరే బండి రింగులు తెచ్చి ఆకురాయితో అరగదీసి వేశాను. బ్రేకు సిలిండర్లకి గాజువాకలో లేతు మిషను మీద కొత్త స్లీవులు, అంటే లోపలి గొట్టాలు, దిగగొట్టించాను. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు పద్మిని కారువి. క్యామ్ తిప్పే చైను మాత్రం మావ గుడ్డలో చుట్టి అటక మీద దాచాడు, దొర ఇచ్చిపోయిన కొత్తది. అది లేకపోతే బండి లేనట్టే.

నేను పని చేస్తుంటే మావ పక్కనే స్టూలు మీద కూర్చునేవాడు. కనిపించదు కనక చెవి పెట్టి వినేవాడు. "ఆ నట్టు ఇంకో పావు తిప్పు," అనేవాడు. తిప్పకపోతే ఊరుకునేవాడు కాదు. నాకు విసుగొచ్చి, "నువ్వే తిప్పుకో మావా," అని పానా ఆయన చేతిలో పెట్టేసిన రోజులున్నాయి. ఆయన నిజంగానే తిప్పుకునేవాడు.

రమణమ్మ అత్త టీ పట్టుకొచ్చి అక్కడే నిలబడేది. ఏటేటా దసరాకి ఆ బండికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెట్టేది ఆవిడే. తుఫానుకి పాక కప్పు లేచిపోతే వానలో తడుస్తూ పట్టా కప్పింది కూడా ఆవిడేనట. బండి మీద ప్రేమ ఉండి కాదు. బండి బాగుంటే మావ బాగుంటాడని. నేను వెనక తలుపు ఎత్తి పని చేస్తుంటే మొదటిసారి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మోలమ్మ! ఇంజన్ ఇక్కడుందేటి? ఇన్నేళ్ళూ పసుపూ బొట్టూ ముందుకెట్టీసేనే! దేవుడు ఎనకుంటే ముందు దండం ఎట్టుకున్నాను!"

మావ నవ్వాడు, నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు. మావ కళ్ళు అందుకే పోతున్నాయేమో అన్న అనుమానం ఆవిడ ముఖంలో కనిపించింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోలేదు.

ఇంజను మొదటిసారి అందుకున్న సాయంత్రం గురించి చెప్పాలి. సెల్ఫు కొడితే దగ్గింది, మళ్ళీ దగ్గింది, తెల్లటి పొగ కక్కి ఒక్కసారిగా పట్టుకుంది. కుట్టుమిషను శబ్దానికి కోపం వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మావ లేచి నిలబడి వెనక బంపరు మీద చెయ్యేసి అలాగే ఉండిపోయాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఆ పూట నాకు చాలా గర్వంగా అనిపించింది. ఈ కథలో సంతోషం అంటూ ఉంటే ఆ ఒక్క పూటే.

ఈ బళ్ళకి ఇంకో అలవాటు ఉంది. గట్టిగా తోలేవాళ్ళు వెనక తలుపు పూర్తిగా మూసేవారు కాదు, ఇంత సందు ఉంచి ఇనపకడ్డీ మీద నిలబెట్టేవారు. ఇంజనుకి గాలి ఆడాలని. దొర అలాగే నడిపేవాడు కనక మావ కూడా అలాగే ఉండాలన్నాడు. కడ్డీ పెట్టి ట్రయలుకి తీసుకెళితే దారి పొడుగునా జనం, "డిక్కీ తెరుసుకుపోయింది బాబో!" అని అరుపులు. మావ కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు.

అనుకున్న రోజు రానే వచ్చింది. వెలుగు రాకముందే బండి నూకాలమ్మ గుడి ముందు ఆపాం. కొత్త బండైనా, బాగుచేసిన బండైనా మా ఊళ్ళో ముందు అమ్మవారికి చూపించకుండా దూరం తోలరు. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. రమణమ్మ అత్త బారెడు బంతిపూల దండ తెచ్చి తిన్నగా వెనక్కి వెళ్ళింది. తలుపు ఎత్తి ఇంజను మీద వెయ్యబోతుంటే నేను పరిగెత్తుకెళ్ళి ఆపాను.

"అత్తా, పూలొద్దు. ఫ్యాన్ లాగేసుకుంటాది. దీనికి గాలే పేణం."

ఆవిడ దండ వెనక్కి తీసుకుంది. "మరి ఇంజనుకి ఏటీ నేకుండా ఎలాగ బాబూ?"

"బొట్టెట్టీ, సాలు."

తొడుగు మీద బొట్టు పెట్టింది. నేను నిమ్మకాయల మీదుగా బండి దించడానికి ముందుకి వెళ్ళిపోయాను. మావ అప్పటికే పక్క సీట్లో కూర్చుని తొందర పెడుతున్నాడు. అత్త తలుపు కడ్డీ మీద నిలబెట్టి వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

చోడవరం దాటాక తెల్లవారింది. మంచు ఇంకా విడలేదు. బండి ఎంత తేలిగ్గా పోతోందంటే, నా చేత్తో నేనే చేశానన్నది మరిచిపోయాను. మావ ప్రతి ఊరూ శబ్దాన్ని బట్టి చెబుతున్నాడు. "ఇది కలవర్టు. ఇప్పుడు సెరుకు తోటలు. ఇంక చీడికాడ పోయే రోడ్డు కుడిపక్కకొత్తాది." మాడుగుల వచ్చేసరికి మాటలు ఆపేసి అరచేతులు ప్యాంటుకి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చెమట పడితే స్టీరింగు జారుతుందని.

మాడుగుల దాటాక యాక్సిలరేటరు బరువెక్కినట్టు అనిపించింది. ముందు నా భ్రమ అనుకున్నాను. నీళ్ళతో చల్లబడే బండి అయితే వేడి చూపించే ముల్లు ఉంటుంది, దీనికి లేదు. ఇంజను పాట మారింది. ఎర్రటి ఆయిలు దీపం వెలిగింది. క్లచ్చు తొక్కేలోపే వెనక నుంచి కీచుమని ఒక కేక, ఇనుము ఇనుముని పట్టుకున్న కేక, ఆ తర్వాత ఏమీ లేదు. బండి దానంతటది కొంత దూరం దొర్లి మట్టి అంచున ఆగింది.

కొండలు ఎదురుగా కనబడుతున్నాయి. ఘాటీ మొదలయ్యే చోటు అక్కడికి నడిచి వెళ్ళేంత దూరమే.

సీజ్ అవడం అంటాం మేము. వేడికి పిస్టను ఉబ్బి సిలిండరు గోడని కరుచుకుపోవడం. చల్లారాక కొన్నిసార్లు వదులుతుంది. నేను దిగకముందే నాకు తెలుసు, ఇది వదిలే రకం కాదని. రింగులు దొరకని బండికి సిలిండర్లు ఎక్కడ తెస్తాను?

దిగి తలుపు ఎత్తాను. వేడి మొహానికి కొట్టింది. మావ బండి పట్టుకుని తడుముకుంటూ వెనక్కి వచ్చాడు. రెండు అడుగుల అవతలే ఆగి ముక్కు ఎగబీల్చాడు. తర్వాత భార్య వైపు, ఆవిడ ఉందనుకున్న వైపు తిరిగి, "ఏమే, ఆ పాకల కాడికెల్లి నీల్లట్రా. గొంతెండిపోతంది," అన్నాడు.

అత్త సీసా పట్టుకుని వెళ్ళింది. ఆవిడ అడుగుల చప్పుడు దూరమయ్యాక నా వైపు తిరిగాడు.

"గుడ్డ కాలిన వాసనరా అది."

నేను ఫ్యాను తొడుగులో చెయ్యి పెట్టాను. వేళ్ళు కాలాయి. శ్రావణంతో పట్టుకుని లాగితే వచ్చింది, సగం మాడిన పసుపు గుడ్డ, జరీ అంచు. అమ్మవారికి కట్టిన చీరలోంచి చింపి భక్తులకిచ్చే ముక్క. మా ఊళ్ళో సగం బళ్ళ అద్దాలకి అదే కడతారు. దండ వద్దన్నాను కనక, అత్త దాన్ని ఫ్యాను పక్కన పెట్రోలు గొట్టానికి, ఎవరికీ కనబడనంత కిందికి, ముడి వేసింది. సందు ఉంచిన తలుపులోంచి గాలి దూరి ముడి విప్పేసింది, ఫ్యాను గుడ్డని లాక్కుంది. గాలి వెళ్ళే దారి మీద ఆ గుడ్డ తలుపు వేసినట్టు అతుక్కుపోయింది.

"అమ్మోరి గుడ్డేనా?" అన్నాడు మావ.

"అవును మావా."

చెయ్యి చాపాడు. ఇచ్చాను. వేడిగా ఉందన్నా వినకుండా వేళ్ళతో తడిమి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "దానికి సెప్పకు. సైను తెగిందని సెప్పు. నీకు దండం ఎడతాను."

పాడైన సామాను బండివాడికి చూపించి, ఎందుకు పాడైందో చెప్పి, చేతిలో పెట్టడం మా వృత్తిలో మర్యాద. అది చెయ్యనివాణ్ణి దొంగ మెకానిక్ అంటారు. ఇక్కడ బండివాడే నన్ను బతిమాలుతున్నాడు. అత్త నీళ్ళు తెచ్చింది. చైను తెగిందని చెప్పాను. ఆవిడ నా మొహం చూడలేదు. తెరిచి ఉన్న ఇంజన్లోకి, ఆ గొట్టం వైపు చూసింది. అక్కడేమీ లేదు. నీళ్ళ సీసా మావ చేతిలో పెట్టింది.

దారిన పోతున్న వ్యానుకి తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చాం. విప్పి చూస్తే రెండు పిస్టన్లు సిలిండర్లతో ఏకమైపోయాయి. అల్యూమినియం హెడ్డు వంగింది, వంగిన చోట పగిలింది. ఎవరెవరికో ఫోన్లు చేశాను, మద్రాసు దాకా మనుషుల్ని కదిపాను. అలాంటి బండి పేరు చెబితేనే నవ్వారు. ఇంక నేను చెయ్యగలిగింది లేదని మావకి చెప్పిన రోజు నా మీద నాకే రోత పుట్టింది. ఆయన మాత్రం, "పోనీద్దూ, శబ్దం విన్నాను కదా," అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చడానికన్నది. ఆయన కోరింది శబ్దం కాదు.

ఎండలు ముదిరేసరికి మావకి ఆ గొట్టం చూపు కూడా మూసుకుపోయింది.

అప్పుడు ఒక మధ్యాహ్నం రమణమ్మ అత్త షెడ్డుకి వచ్చింది. కొంగులోంచి ఏదో తీసి నా బల్ల మీద పెట్టింది. సగం మాడిన ఆ గుడ్డే.

"ఇది నీకెక్కడ దొరికింది బాబూ?"

నేను చేతిలో పానా కింద పెట్టాను.

"ఉతకడానికి సొక్కా తీత్తే జేబులో దొరికింది. కొండ కాడ్నించొచ్చిన మర్నాడే. నేను కట్టిందే. ఎగరకుండా గట్టిగా ముడేసేను. దండైతే జారిపోద్ది, ముడైతే జారదనుకున్నాను. ఇంజన్ తినీసింది దీన్నే కదా?"

అబద్ధం ఆడి ప్రయోజనం లేదు. అవునన్నాను.

"ఆయనకి ఆ రోజే తెల్సు కదా?"

దానికీ అవునన్నాను. ఆవిడ పక్కనున్న పాత టైరు మీద కూలబడింది. "తెల్సా... తెల్సుండే ఆ రోజు రాత్రి పులుసు బాగుందన్నాడు బాబూ. ఇన్నాళ్ళూ తిడతాడేమో, ఇయ్యాల తిడతాడేమో అనీసి సూత్తన్నాను. ఒక్క మాట నేదు. కూర బాగుంది, నీల్లు సల్లగున్నాయి, ఇవే మాటలు. ఎప్పుడైనా ఉప్పెక్కువైతే ఇల్లెగరగొట్టీవోడు, ఇప్పుడు ఉప్పెక్కువైనా తినేత్తన్నాడు."

నేను స్కూటరు తీసి ఆవిడ్ని ఇంటికి తీసుకెళ్ళాను. ఈ ముడి నేనే విప్పాలి అనుకున్నాను. మావ వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు, స్కూటరు శబ్దం విని నా పేరు పెట్టి పిలిచాడు.

"మావా, అత్తకి తెలిసిపోయింది. ఇంక దాయకు."

"ఏటి దాసేన్రా?"

"గుడ్డ సంగతి."

"ఏ గుడ్డ?" అన్నాడు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. "సైను తెగింది కదేటి. నువ్వే సెప్పేవు."

అత్త ముందుకొచ్చి ఆ ముక్క ఆయన చేతిలో పెట్టింది. ఆయన వేళ్ళు దాన్ని ఒకసారి తడిమి ఆగాయి. గుర్తుపట్టలేదంటే నేను నమ్మను.

"మసిగుడ్డ. బండి తుడిసిందై ఉంటాది. పారేసీ."

"నేనే కట్టేను," అంది అత్త. "నేనే నీ బండిని సంపేసేను. నీ కళ్ళుండగా నీ కోరిక తీరకుండా సేసింది నేనే. ఓ మాటను. ఓ దెబ్బేసీ."

"పిచ్చిదానా, నీకు మతోయిందేటి," అన్నాడు మావ, ఎంతో మెత్తగా. "ఎండలో తిరిగొచ్చేవు. అల్లుడికి మజ్జిగియ్యి."

ఆయన పట్టు నాకు అర్థమైంది. కళ్ళు పోయాక ఆయన చేతిలో మిగిలింది అదొక్కటే, భార్య తనవల్ల ఏడవకుండా చూసుకోవడం. అది కూడా వదులుకోమంటే ఎలా వదులుతాడు? అక్కడ నిలబడి నేనేం చెప్పినా, ఇద్దరిలో ఒకరిని అబద్ధాలకోరు చెయ్యాలి. మజ్జిగ తాగకుండా వచ్చేశాను. గుమ్మం దాకా వచ్చి అత్త మెల్లగా అంది, "సూసేవు కదా బాబూ. తిడితే ఏడిసీసి ఊరుకుందును. ఇప్పుడెలాగ?"



ఆ తర్వాత చాలా బళ్ళు చూశాను. బ్రేకు వెయ్యడం మరిచిపోయిన కొడుకులు, డీజిల్ బండిలో పెట్రోలు పోసిన బావమరుదులు, ఎందరో. ఎవరు బతిమాలినా సరే, ఏది ఎందుకు పోయిందో అందరూ నిలబడి ఉండగానే చెప్పేస్తాను. షెడ్డులోనే అరుచుకుంటారు, ఒకరి మీద ఒకరు పడతారు, నన్నూ నాలుగు తిడతారు. సాయంత్రానికి ఒకే బండెక్కి ఇంటికి పోతారు. మెకానిక్కుగా ఆ కేసు నాకు నేర్పింది ఇంతే. సన్యాసిరావు మావ పోయేదాకా భార్యని ఒక్క మాట అనలేదు. ఆయన మంచివాడని ఊరంతా చెప్పుకున్నారు. రమణమ్మ అత్త మాత్రం ఆయన్ని పాడె ఎక్కించే ముందు, అందరూ వినేలా, "ఇప్పుడైనా తిట్టు," అని అడిగింది.